పెద్దబాతు బ్యాంకూ, నా ఆవూ

మా కొండ ఊరు రిడ్వెన్‌లో ఒకప్పుడు బ్యాంకు ఉండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. నమ్మే పెద్దవాళ్ళు అది ఎందుకు మూతపడిందో తలో రకంగా చెబుతారు. లండన్‌లో ఏదో గందరగోళం జరిగిందని ఒకరు, పశువుల ధర పడిపోయిందని ఒకరు, పట్నంలోని ఇంగ్లీషు బ్యాంకువాళ్ళ కుట్ర అని ఇంకొకరు. నేరం ఇంగ్లీషువాళ్ళ మీదికి నెట్టేస్తే మావాళ్ళకి ప్రాణం హాయిగా ఉంటుంది. అసలు కారణం నాకు తెలుసు. తెలిసిన మిగతావాళ్ళంతా ప్రార్థన మందిరం వెనక మట్టిలో ఉన్నారు కాబట్టి ఇక నేనే చెప్పాలి.

ముందు బ్యాంకు సంగతి. దాన్ని నడిపిన ఇద్వాల్ ఉన్నాడే, అతని తండ్రి పెద్దబాతులు తోలేవాడు. వందల బాతుల కాళ్ళకి తారు పూసి, ఇసకలో నడిపించి, అది చెప్పులా గట్టిపడ్డాక ఇంగ్లండు సంతల దాకా తోలుకుపోయేవాడు. వెళ్ళేవాడు ఎలాగూ వెళుతున్నాడు కదా అని, లండన్‌లో ఉండే భూస్వాములకి కట్టాల్సిన కౌలు డబ్బు ఊళ్ళోవాళ్ళు అతని చేతికిచ్చేవారు. ఆ బంగారం అతను ఇంట్లోనే దాచి, అక్కడ బాతులు అమ్మిన డబ్బులోంచి కౌళ్ళు కట్టేసేవాడు. దారిదొంగలు పట్టుకున్నా వాళ్ళకి తారు కాళ్ళ బాతులు తప్ప ఏమీ దొరికేవి కావు. అలా ఇంట్లో పోగుపడిన బంగారమే బ్యాంకయింది.

కొడుకు ఇద్వాల్ బాతులు మానేసి నల్ల పశువులు తోలాడు గానీ, బ్యాంకు అచ్చేసిన నోట్ల మీద మాత్రం బాతునే ఉంచాడు. ఒక బాతు బొమ్మ ఉంటే ఒక పౌండు. రెండుంటే రెండు. బాతుపిల్ల ఉంటే అర పౌండు. ఇంగ్లీషు అక్షరాలు మాలో ఎవరికొచ్చు? ఎవరో దొర ఆ నోటు చూసి పగలబడి నవ్వాడట. నవ్వుకోనీ. ఆ నోటు మా ఊళ్ళో చూపు ఆనని ముసలమ్మ కూడా చదివేది.

బ్యాంకంటే ఇద్వాల్ ఇంటి ముందుగది. జున్నుముద్దలు ఆరబెట్టే బల్లే అక్కడ లావాదేవీల బల్ల. ఇద్వాల్ ఎండాకాలమంతా దారుల మీదే ఉంటాడు కనక అతని భార్య టాంగ్వెన్ ఆ బల్ల వెనక కూర్చునేది. టాంగ్వెన్, నేనూ ఒక ఈడువాళ్ళం. చిన్నప్పుడు ఒకే కొండమీద గొర్రెలు కాశాం, ఒకే రొట్టె విరుచుకు తిన్నాం. తను బాగా బతికింది, నేను అంతంతమాత్రంగా బతికాను. ఆ తేడా ఆమె ఎప్పుడూ చూపించలేదు. నేనే చూసుకునేదాన్ని.

నా దగ్గర బాతు నోట్లు పదకొండు. మా ఆయన పోయిన నాటినుంచి మేజోళ్ళు అల్లి అమ్మి, నడుస్తూ అల్లి, కూర్చుని అల్లి, ఏడాదికో బాతు చొప్పున కూడబెట్టాను. పిల్లల్లేరు. చేతులు వంగిపోయాక పేదలకి తిండి పెట్టే పారిష్ పెద్దల ముందు నిలబడి గంజి అడుక్కోవాల్సిన గతి పట్టకుండా నాకున్న అడ్డం ఆ పదకొండే. పైగా నాది పుట్టు అనుమానం. కొన్న గుడ్డును కూడా చెవి దగ్గర పెట్టి ఊపిగానీ బుట్టలో వేసుకోను. ఆదివారం ప్రార్థనకి వెళ్ళే ముందు దిండు విప్పి నా బాతులు పదకొండూ ఉన్నాయో లేదో చూసుకునేదాన్ని. వచ్చాక మళ్ళీ చూసుకునేదాన్ని.

ఆ ఏడు ఆగస్టులో ఇద్వాల్ నూట అరవై పశువులతో లండన్ దగ్గరి బార్నెట్ సంతకి బయలుదేరాడు. అతనితోపాటు మా ఊరివాళ్ళే మరో ఇద్దరు తమ మందలతో వెళ్ళారు. ముగ్గురికీ తలో కుక్క. పశువులు అమ్ముడుపోయాక మా తోలేవాళ్ళు కుక్కల్ని ముందే ఇంటికి పంపేస్తారు. మగవాళ్ళు అక్కడే నాలుగు రోజులు కూలి చేసుకుని వస్తారు, కుక్కలు మాత్రం వాటంతట అవే రెండొందల మైళ్ళు నడిచి వస్తాయి. వెళ్ళేటప్పుడు ఏ పూటకూళ్ళ ఇంటి దగ్గర ఆగారో వచ్చేటప్పుడూ అవి అక్కడే ఆగుతాయి. ఆ ఇంటివాళ్ళు తిండి పెడతారు. దాని డబ్బు మరుసటేడు యజమాని వచ్చినప్పుడు తీసుకుంటారు. ఇద్వాల్ కుక్క పెరో ప్రతి సెప్టెంబరులోనూ తొమ్మిదికో పదికో వచ్చి బ్యాంకు గుమ్మం మీద పడుకునేది. దాన్ని దాటుకుని లోపలికి వెళ్ళడం మాకందరికీ అలవాటు.

ఆ ఏడు తొమ్మిదిన ఒక కుక్క వచ్చింది. పదకొండున రెండోది వచ్చింది. పెరో రాలేదు.

పద్నాలుగున కూడా గుమ్మం ఖాళీగానే ఉంది. నేను మేజోడు అల్లుకుంటూ బ్యాంకు ముందు నుంచి రోజుకి మూడుసార్లు నడిచాను. మూడో వారం వచ్చేసరికి నా బుర్రలో లెక్క తేలిపోయింది. తిరిగొచ్చేవాడు కుక్కను ముందు పంపుతాడు. కుక్కను వెంట ఉంచుకున్నాడంటే ఎక్కడో కొత్త గుమ్మం వెతుక్కుంటున్నాడన్నమాట. నూట అరవై పశువుల డబ్బు సంచిలో ఉన్నవాడికి గుమ్మాలు దొరక్కపోతాయా?

సంతకి నడుస్తుంటే పక్కింటి నెస్టా కలిసింది. నెస్టా నోట్లో నువ్వుగింజ నానదు. ఆ సంగతి తెలిసీ నోరు జారాను.

"పెరో కనబళ్ళేదేమే ఈ ఏడు?" అన్నాను, సూదుల మీంచి కళ్ళెత్తకుండా.

"నేనూ అదే అనుకుంటన్నా వదినా! ఆ రెండు కుక్కలూ వచ్చి పది రోజులాయె. నోరుంటే వాటినే అడిగేదాన్ని."

"దారిలో ఏదైనా అయిందేమోలే."

"కుక్కకి అయితే ఇద్వాలన్నా రావాలిగా. ఇద్వాలుకి అయితే కుక్కన్నా రావాలిగా. ఇద్దరూ రాలేదంటే?" నెస్టా ఆగి నా మొహంలోకి చూసింది. "ఇద్దరూ కలిసే ఉన్నారన్నమాట. హాయిగా."

"ఛ, ఊరుకో. ఆయన మందిరంలో పెద్ద."

"అవును మరి. పెద్దవాళ్ళకే కదా పెద్ద సంచులు."

ఆ తర్వాత ఊరి తీరే మారిపోయింది. ఎవరూ పైకి ఏమీ అనరు. మందిరంలో పాటలు పాడుతూనే అందరూ టాంగ్వెన్ వీపు వైపు చూస్తారు. ఆమె కొత్త శాలువా కప్పుకుంటే, ప్రయాణానికా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. కిటికీ తెరలు ఉతకడానికి తీస్తే, సామాను సర్దుతోందని. ఉత్తరం వస్తే, ఎక్కడినుంచని. బ్యాంకుకి వెళ్ళి నోట్లు పడేసి బంగారం అడగాలని ప్రతివాడికీ ఉంది. కానీ ఇద్వాల్ రేపే తిరిగొస్తే మొదట అడిగినవాడి మొహం ఏమవ్వాలి? అతను పశువులు కొనడం మానేస్తే ఆ అడిగిన రైతు గతేమిటి? అందుకని ప్రతివాడూ పక్కవాడు ముందు వెళతాడేమోనని కాచుక్కూర్చున్నాడు. నేను వాళ్ళందర్నీ కాచుక్కూర్చున్నాను.

ఇరవై నాలుగో తారీకుకి నాకు కంటిమీద కునుకు పోయింది. వీళ్ళలో ఒకడు వెళ్ళాడంటే వందమంది వెళతారు. అప్పుడు వెనకపడ్డ ముసల్దానికి మిగిలేది బాతు బొమ్మలే. వెళితే నేనే ముందు వెళ్ళాలి. అదీ అనుమానంతో వెళ్ళినట్టు కనబడకుండా వెళ్ళాలి.

పొద్దున్నే పదకొండు నోట్లూ తీసుకుని వెళ్ళాను. టాంగ్వెన్ ఒక్కతే ఉంది. కళ్ళ కింద నల్లగా ఉంది.

"రావే లౌరీ, కూర్చో. మజ్జిగ తాగుతావా?"

"వద్దులే. ఇదిగో, ఇవన్నీ బంగారంలోకి మార్చిపెట్టు."

"అన్నీనా? ఏం చేస్తావే అంత డబ్బు?"

దారి పొడుగునా ఆలోచించుకున్న మాట సరిగ్గా ఆ నిమిషంలో ఎగిరిపోయింది. గోడకి వేలాడుతున్న ఆవు గంట కనబడింది.

"ఆవును కొంటున్నా," అన్నాను.

టాంగ్వెన్ మొహం వెలిగిపోయింది. "ఆవా! ఎన్నాళ్ళకే! నీకు పెళ్ళి కాకముందు నుంచీ అంటన్నావు ఆవు, ఆవు అని. పాలు గలదేనా? ఎవరి దగ్గర?"

"దూరంలే. కొండ అవతల."

"మోసపోతావే. నన్ను తీసుకుపోరాదూ? పళ్ళు చూసి చెప్తాను."

"బేరం అయిపోయిందిలే."

"మరి గడ్డి? చలికాలం వచ్చేస్తోందిగా. నీకు గడ్డెక్కడిది?"

"చూసుకుంటాలే."

ఆమె పదకొండు బంగారు కాసులు బల్లమీద పేర్చింది. పేరుస్తూ నవ్వుతూనే ఉంది. నేను మాటల్లో మాటగా, "ఇద్వాల్ ఎప్పుడొస్తాడే?" అన్నాను. "వచ్చేస్తాడు," అంది. "మరి పెరో?" అన్నాను. ఆమె చెయ్యి కాసుల మీద ఒక్క క్షణం ఆగింది. "అదీ వస్తుంది," అంది, నా వైపు చూడకుండా. దొరికిపోయిందనుకున్నాను. మొగుడి కోసం బెంగపడే ఆడమనిషి మొహం ఎలా ఉంటుందో నాకు తెలియంది కాదు. అయినా ఆ రోజు నా కళ్ళకి అది దొంగ మొహంలాగే కనబడింది.

కాసులు లోపావడా అంచులో పెట్టి కుట్టేసుకున్నాను.

నేను బయటికి వస్తుంటే కమ్మరి బ్లెదిన్ లోపలికి వెళ్ళాడు. ఇద్వాల్ పశువులకి నాడాలు కొట్టి బతికేవాడు అతను. టాంగ్వెన్ ఆ సంతోషంలో అతనితో, "విన్నావా బ్లెదినూ, మన లౌరి ఆవును కొంటోంది!" అందట. అంతే. పశువులు తోలే ఊళ్ళో పుట్టినవాడికి అంతకంటే ఏం చెప్పాలి? గోరంత మేత నేల లేనిది, దూలం మీద గుప్పెడు గడ్డి లేనిది, ఊరంతా చలికాలానికి ముందు పశువుల్ని వదిలించుకునే నెలలో ఆవును కొంటుందా? బ్లెదిన్ ఏ పని మీద వెళ్ళాడో మరిచిపోయి తన దగ్గరున్న నోట్లన్నీ తేవడానికి కొలిమికి పరుగెత్తాడు. అతను పరుగెత్తడం నెస్టా చూసింది.

మధ్యాహ్నానికి బ్యాంకు ముందు వరస వంతెన దాకా పాకింది. ఒకరి మోచెయ్యి ఒకరి పక్కటెముకల్లో. "నా వెనకున్నావు, నువ్వెలా ముందుకొచ్చావు?" "నీ కంటే ముందే నా బుట్ట పెట్టాను, చూస్కో!" అన్నదమ్ములు కూడా ఒకరి నోట్లు ఒకరికి కనబడకుండా టోపీల్లో దాచుకున్నారు. టాంగ్వెన్ బల్ల వెనక నుంచి లేవలేదు. అడిగినవాళ్ళకి అడిగినంత ఇచ్చింది. రెండోనాటి పొద్దుటికి బంగారం అయిపోయింది. వెండి నాణాలిచ్చింది. అవీ అయిపోయాక చెంచాలు, జున్నుముద్దలు, దూలానికి వేలాడే పందిమాంసం. కొండమీది రైతొకడు నోటు ఊపుతూ, "బాతు బొమ్మ వేశారుగా, అయితే బాతునే ఇవ్వండి!" అని అరిచాడు. పౌండుకి ఆరేడు బాతులొస్తాయి. ఆ సంగతి వాడికి తెలుసు. అయినా ఒక్క బాతును చంకన పెట్టుకుని గెలిచినట్టు పోయాడు. వాణ్ణి చూసి మరో పదిమంది బాతుల కోసం పెరట్లోకి దూకారు. ఈకలు ఎగిరిపడుతున్నాయి, జనం తోసుకుంటున్నారు, ఎవరో తలుపు రెక్క ఊడబెరికారు.

నేను ఎదురరుగు మీద నిలబడి మేజోడు అల్లుకుంటూ ఇదంతా చూశాను. నా పదకొండూ భద్రంగా ఉన్నాయి. ఎంత తెలివిగలదాన్నో అనుకున్నాను. అవును, అనుకున్నాను. దాచడం దేనికి?

మూడోనాటి మధ్యాహ్నం ఇద్వాల్ వచ్చాడు.

అతను నడిచి వస్తున్నాడు. కళ్ళెం చేత్తో పట్టుకున్నాడు. అతను ఎక్కి రావాల్సిన పొట్టిగుర్రం వీపు మీద, జీనుకి కట్టిన బుట్టలో పెరో కూర్చుని ఉంది. ముందుకాలికి కర్ర కట్టి, గుడ్డ చుట్టి ఉంది. సంతలో ఎద్దు తొక్కేసిందట. ఎవరో తల మీద ఒక్క దెబ్బ వేసి వదిలించుకోమన్నారట. పదమూడేళ్ళు తన పశువుల్ని కాసిన కుక్కని చంపలేక, జీను దానికిచ్చి, రోజుకి పదేసి మైళ్ళు నడుచుకుంటూ వచ్చాడు. పెరోకి కుదుపు తగులుతుందని గట్టిగా కూడా నడవలేదు.

జనం రెండుగా చీలి దారిచ్చారు. అతను ఊడిన తలుపు చూశాడు, ఖాళీ దూలం చూశాడు, ఈకలు చూశాడు. జీనుసంచి తెచ్చి బల్లమీద బోర్లించాడు. ఒక్కసారిగా అంత బంగారం నేను మళ్ళీ చూడలేదు.

"ఇంకా ఎవరికివ్వాలి?" అన్నాడు.

వరసలో ఉన్నవాళ్ళు నోట్లు మళ్ళీ టోపీల్లోకి తోసేశారు. బాతును చంకన పెట్టుకుపోయిన రైతు దాన్ని మళ్ళీ తెచ్చి గుమ్మం దగ్గర వదిలాడు.

"తీస్కుపో," అన్నాడు ఇద్వాల్. "మా నాన్న నోటు మీద బాతు బొమ్మ వేసింది మీకు చదువు రాదని కాదు. మీకూ మాకూ మధ్య నమ్మకం చాలు, రాతలెందుకని. అయిపోయింది. ఇక ఈ తలుపు తియ్యను."

"ఎవరో కొందరు తొందరపడ్డారయ్యా," అని బ్లెదిన్ గొణిగాడు. "ఊరంతా అనుకోకు."

"ఈ ఊళ్ళో మమ్మల్ని అనుమానించని మనిషిని ఒక్కర్ని చూపించు. ఒక్కర్ని. రేపే ఊడిన తలుపు బిగించి బ్యాంకు తెరుస్తాను."

అప్పుడు టాంగ్వెన్ లేచింది.

"ఉంది," అంది. "లౌరి ఉంది. తనూ డబ్బు తీసుకుంది, కానీ ఆవు కోసం తీసుకుంది. వీళ్ళెవరూ రాకముందే. అనుమానంతో కాదు. దాని ఒక్కదాని కోసమన్నా తెరుస్తాను."

ఊరు ఊరంతా తల తిప్పి నావైపు చూసింది. అక్కడున్న ప్రతివాడికీ తెలుసు నాకు ఆవు లేదని. ఒక్కడూ నోరు మెదపలేదు. బ్యాంకు లేకపోతే పద్దెనిమిది మైళ్ళు నడిచి, మన మాట రాని ఇంగ్లీషు గుమస్తా ముందు టోపీ తీసి నిలబడాలి. అందుకని అందరూ మంచివాళ్ళలా నావైపు చూసి నవ్వారు. నేనూ నవ్వాను.

"రేపు పొద్దున్నే నీ ఆవును చూడ్డానికి వస్తానే," అంది టాంగ్వెన్. "ఈ మూడు రోజుల్లో మంచిదన్నది ఒక్కటీ చూళ్ళేదు నేను."

పొద్దు వాలకముందే బ్లెదిన్ తన ఆవును తోలుకుని నా పెరట్లోకి వచ్చాడు.

"ఇదిగో వదినా, నీ ఆవు."

"సిగ్గు లేదట్రా నీకు?"

"నీకుందా? ఉంటే ముందే ఏడవాల్సింది. ఈ ఒక్క పూట కట్టేసుకో. ఆవిడ చూసి వెళ్ళగానే తోలుకుపోతా. ఇది నీ కోసం కాదు, ఊరి కోసం."

ఆ ఆవు నుదుట తెల్లని మచ్చ ఉండేది. బ్లెదిన్ తన కొలిమి మసి తెచ్చి దాన్ని నల్లగా రుద్దేశాడు. కొట్టంలో పొయ్యిలో కాల్చుకోడానికి బురదనేలలో కోసి ఎండబెట్టుకున్న మట్టిపెళ్ళలు పక్కకి తోసి, ఆవును వెనక మూల చీకట్లో కట్టాం. నెస్టా గంప నిండా పేడ తెచ్చి నేలమీద చల్లింది. మరొకరు పాలకుండ తెచ్చి గుమ్మంలో పెట్టారు. ఊరంతా ఒక్కమాట మీద నిలబడి చేసిన పని నా ఎరుకలో అదొక్కటే.

పొద్దున్నే బండి చప్పుడైంది. వాళ్ళ పాలేరు, ముసలి సియెంకిన్ తోలుతున్నాడు. టాంగ్వెన్ అతని పక్కన కూర్చుని ఉంది. బండి నిండా గడ్డి. ఎండిన, పచ్చవాసన ఇంకా పోని, వాళ్ళ సొంత పచ్చికలో కోసిన గడ్డి.

"నువ్వు డబ్బు తీసుకున్న రోజే చెప్పాను సియెంకిన్‌కి, నీకు పంపమని," అంది దిగుతూ. "ఈ గొడవలో ఆలస్యమైంది. చూసుకుంటాలే అన్నావుగానీ, నువ్వేం చూసుకుంటావే? గడ్డి లేక ఆవు చిక్కిపోతే నీకు పాలెక్కడివి?"

ఆ గడ్డి మీద పడి ఏడవాలనిపించింది. అప్పుడైనా నిజం చెప్పి ఉండొచ్చు. కానీ బ్లెదిన్ గోడవతల నుంచి తొంగి చూస్తున్నాడు, అతని వెనక పదిమంది ఉన్నారు. నేను కొట్టం వైపు చెయ్యి చూపించాను.

ఆమె గుప్పెడు గడ్డి తీసుకుని లోపలికి వెళ్ళింది. మేమెంత బుద్ధిలేనివాళ్ళమంటే, ఆమె ఇరవై ఏళ్ళుగా ఈ లోయలో ప్రతి దూడ అమ్మకానికీ దగ్గరుండి చూసిన మనిషి అని మాలో ఒక్కరికీ గుర్తు రాలేదు. మనుషుల పేర్లయినా తడుముకునేదేమో గానీ పశువుల పేర్లు ఆమె ఎప్పుడూ తడుముకోలేదు.

చీకట్లోకి వంగి చూసింది. తర్వాత, చాలా మెల్లగా, "సెరెన్," అని పిలిచింది.

ఆవు తల తిప్పింది. ముందుకొచ్చి ఆమె చేతిలో గడ్డి అందుకుంది. టాంగ్వెన్ ఏప్రాన్ కొంగుతో దాని నుదురు తుడిచింది. సెరెన్ అంటే మా మాటలో చుక్క. మసి కింద ఆ తెల్లచుక్క బయటపడింది. కొంగుకి అంటిన మసి చూసుకుంది.

నేను గుమ్మంలో నిలబడ్డాను. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని.

"భయంగా ఉందే, నా డబ్బు నాకిచ్చెయ్ అని అడగొచ్చుగా," అంది. "ఇచ్చేదాన్నిగా. ఎవరికీ చెప్పేదాన్ని కూడా కాదు."

తాడు విప్పి ఆవును బయటికి నడిపించుకొచ్చింది. బండి దగ్గర ఆగి, "గడ్డి దించెయ్ సియెంకిన్," అంది.

"ఎవరికమ్మా? ఆవు లేదుగా?"

"దించెయ్. తనకోసం తెచ్చింది."

బ్లెదిన్ ఇంటిదాకా ఆ ఆవును తనే నడిపించుకుంటూ వెళ్ళింది. దారిలో గోడల వెనక నిలబడ్డవాళ్ళంతా ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి తలుపులు వేసుకున్నారు. ఆ తలుపుల చప్పుడు ఒకదాని తర్వాత ఒకటి నాకు వినబడుతూనే ఉంది. సియెంకిన్ గడ్డంతా నా గుమ్మం ముందు పోసి, బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.